అద్దం మీద మచ్చ

జనవరి 19, ఆదివారం

కలర్ ల్యాబ్ వాళ్ళు ప్రతి ఏడూ ఉత్తినే పంచే డైరీ ఇది. ఇన్నేళ్ళూ ఇవి తిన్నగా అటక మీదికి పోయేవి. ఈసారి రాద్దామనిపించింది. గ్రూపులో ఒక మాట రాస్తే ముప్పై మంది జవాబు చెప్తారు, ఇక్కడ చెప్పేవాడు లేడు.

అచ్చు మాత్రం అధ్వాన్నం. గీతలు పేజీ మధ్యకు వచ్చేసరికి వంగిపోయాయి. దానం ఇచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదు కాబట్టి ఊరుకున్నాను.

గ్రూపులో ఈ రోజు మళ్ళీ అదే రగడ. మా జిల్లా ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపు. అంబరీష్ పొద్దున్నే పెట్టాడు: "డీఎస్‌ఎల్‌ఆర్ కాలం అయిపాయె. కంపెనీలే చేసేది నిలిపేస్తాండారు. మూర్తన్నా, నువ్వు కూడా మిర్రర్‌లెస్‌కు మారన్నా." పేరు పెట్టి, నాకే. తొమ్మిదేళ్ళు చింతామణిలో నా స్టూడియోలో పని నేర్చుకున్న మనిషి. కెమెరా ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పింది నేను. ఇప్పుడు సొంత స్టూడియో పెట్టుకున్నాడు, పెద్ద పెళ్ళిళ్ళకు నాకు రెండో కెమెరాగా వస్తాడు, ముహూర్తం మాత్రం నేనే తీస్తాను. కళ్ళు నెత్తికెక్కాయి.

నేను రాసిన జవాబు బాగా కుదిరింది, ఇక్కడ దించుకుంటున్నాను:

"అయ్యా, డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక ఒక అద్దం ఉంటుంది. ఎదుటి మనిషి మీది వెలుగు ఆ అద్దం మీద పడి నేరుగా నా కంటికి వస్తుంది. నేను చూసేది మనిషిని. మీ మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, లోపల చిన్న టీవీ ఉంది. పెళ్ళికి పోయి టీవీ చూసి వచ్చేవాణ్ణి ఏమంటారు? కొత్త విగ్రహానికి కళ్ళు తెరిచినప్పుడు మొదట చూపించేది అద్దమే. దేవుడికే అద్దం కావలసి వచ్చింది, మీకు అక్కర్లేదా? ఫొటో రాకపోతే కెమెరా మార్చమనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

పద్నాలుగు మంది బొటనవేలు చూపించారు. అంబరీష్ దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

దేవుడి మాట ఊరికే రాలేదు. కెంచార్లహళ్ళి దగ్గర మా వాళ్ళు తరతరాలుగా పూజ చేసే వేణుగోపాలస్వామి గుడిని కొత్తగా కడుతున్నారు. పాత విగ్రహం బీటలు వారింది. అక్షయ తృతీయకు కొత్త విగ్రహ ప్రతిష్ఠ. నాన్న తర్వాత ఇప్పుడు చిన్నాన్న అర్చకులు. నేను గుడి గంట వదిలేసి కెమెరా పట్టుకున్నానని నాన్న చివరిదాకా నొచ్చుకున్నారు. ఇంట్లోవాళ్ళకు నేను వాసునే. చిన్నాన్న మొన్న ఫోన్ చేసి, "వాసూ, స్వామికి కళ్ళు తెరిచేది నువ్వే ఫొటో తియ్యాల. మళ్ళీ వందేండ్లకు గాని రాదు ఆ గడియ," అన్నారు. ఆ ఒక్క ఫొటో తీస్తే నాన్నకు జవాబు చెప్పినట్టే.

ఇంకొకటి. కెమెరాకు కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో మధ్యన చిన్న మచ్చ కనిపిస్తోంది. అద్దం మీద దుమ్ము. అది ఫొటోలో పడదు కాబట్టి చింత లేదు.

ఫిబ్రవరి 2

అద్దం ఊదాను. పోలేదు.

ఫిబ్రవరి 10

నిన్న బాగేపల్లిలో పెళ్ళి. పెళ్ళికూతురు అక్షత, ఇంజనీరు. మంటపం నిండా బల్బులు, పొగ.

ధారె పోసేటప్పుడు, అదే కన్యాదానం నీళ్ళు వదిలేటప్పుడు, పురోహితుడు ఎప్పుడూ నా వైపు చూస్తాడు. నా కెమెరా 'టక్' అన్నాక గాని వాళ్ళ చేతుల కింద పట్టిన చెయ్యి తీయడు. ఇరవై ఏడేళ్ళ మర్యాద అది. అంబరీష్ కెమెరాకు చప్పుడే లేదు. వాడు తీశాడో లేదో పురోహితుడికి తెలియక, "ఏమప్పా, తీస్తివా? తీస్తివా?" అని రెండుసార్లు అడిగాడు. పక్కన నిలబడి లోలోపల నవ్వుకున్నాను.

మచ్చ పెద్దదైంది. వింత దుమ్ము ఇది. పెళ్ళికూతుర్ని చూస్తే పెళ్ళికూతురి ముఖం మీద కూర్చుంటుంది, పెళ్ళికొడుకు వైపు తిరిగితే అతని ముఖం మీదికి వస్తుంది. వదులుగా ఉన్నట్టుంది, కెమెరాతో పాటు కదులుతోంది. మంటపం స్తంభాలు కూడా నడుము దగ్గర వంగి కనిపించాయి. ఇది లెన్స్ పని. పాత లెన్స్, ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో.

ఫొటోలో స్తంభాలు తిన్నగానే పడ్డాయి.

ఫిబ్రవరి 20

మా ఆవిడ అంబుజ బాగేపల్లి ఆల్బమ్ చేసి ముగించింది. ఫొటోలు ఏరి పేజీలు కట్టే పని పదిహేనేళ్ళుగా ఆమెదే. ధారె ఫొటో చూసి కుర్చీలో కూర్చుండిపోయాను. పెళ్ళికూతురి రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఎడమ కంట్లో నీరు జారడానికి సిద్ధంగా ఉంది, ఆ నీటిలో హోమం మంట. ఇరవై ఏడేళ్ళలో ఇలాంటిది తీయలేదు.

"చూస్తివా, అద్దం ఉన్న కెమెరా అంటే ఇది," అన్నాను.

"కాఫీ పెడతాను," అని అంబుజ లేచి పోయింది. మెచ్చుకునే అలవాటు ఆ ఇంట్లోనే లేదు, వాళ్ళ నాన్నా అంతే.

నేను ఎడమవైపు నిలబడ్డట్టు గుర్తు. ఫొటో కుడివైపు నుంచి ఉంది. ఆ గుంపులో తిరిగి ఉంటాను.

ఫిబ్రవరి 25

పోయిన వారం జంగమకోటెలో సీనప్ప మనవరాలి నామకరణం. చిన్న పని కాబట్టి ఒక్కడినే వెళ్ళాను. ఫొటోలు ఈ రోజు ఇచ్చాను. పట్టుగూళ్ళ రైతు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఒక్కొక్కటీ తిప్పి చూసి అన్నాడు: "ఏమప్పా, బిడ్డ కన్నా వెనకాల గోడ బాగా పడిండాదే."

పదకొండు ఫొటోల్లో గోడ బాగా పడింది. సున్నం పెచ్చులు కూడా కనిపిస్తున్నాయి. బిడ్డ ముఖం పాలు పోసినట్టు అలుక్కుపోయింది.

ఫోకస్ వెనక్కి జారింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దానికీ లెన్స్‌కూ పొత్తు తప్పితే ఇలా జరుగుతుంది, అందరికీ తెలిసిందే. లెన్స్, కెమెరా రెండూ బెంగళూరుకు పంపిస్తున్నాను, అద్దం కూడా చూడమని.

మార్చి 6

లెన్స్, కెమెరా వచ్చాయి. లెన్స్‌లో దోషం ఏమీ లేదని కాగితం మీద రాసి పంపారు. పని రానివాళ్ళు.

మార్చి 7

నిజంగా పని రానివాళ్ళు. అద్దం కూడా చూడమన్నాను కదా, అదీ శుభ్రంగా ఉందని రాశారు. మరి ఈ మచ్చ ఏమిటి?

మార్చి 16, ఆదివారం

చిక్కబళ్ళాపురం నుంచి ఇప్పుడే వచ్చాను. రాయలేను.

మార్చి 17

రాస్తాను. రాయకపోతే తల పగిలిపోయేటట్టుంది.

మా సంఘం సభ. కార్యదర్శి ప్రమోద ఈ గొడవ తేల్చేద్దామని ఒక పందెం పెట్టాడు. పన్నెండు ప్రింట్లు, పేర్లు లేకుండా నంబర్లు వేసి గోడకు తగిలించాడు. ఏది డీఎస్‌ఎల్‌ఆర్, ఏది మిర్రర్‌లెస్ అని అందరూ చీటీల మీద రాయాలి. ఎవరి ప్రింట్ వాళ్ళదని రుజువుకు అసలు ఫైలు కూడా పెన్ డ్రైవ్‌లో తేవాలి. నేను అక్షత ధారె ఫొటో ఇచ్చాను. అంబుజ పుట్టింటికి పోయి ఉంటే, నేనే కంప్యూటర్‌లో ఆల్బమ్ ఫోల్డర్ వెతికి ఎక్కించుకున్నాను.

నాది ఏడో నంబరు. అందరూ దాని ముందే నిలబడ్డారు. గౌరీబిదనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆగలేకపోయాను. లేచి చెప్పాను, "ఏడో నంబరు నాది. ఆ కంటి నీరు చూడండప్పా. టీవీలో చూసి తీసేవాడికి ఇది దొరకదు. ఆడలేక మద్దెల మీద వేసేవాళ్ళు దీన్ని చూసి నేర్చుకోవాల." చప్పట్లు కొట్టారు.

ప్రమోద ఫైలు తెరిచాడు. ప్రతి ఫైలులోనూ ఏ కెమెరాతో తీసిందీ రాసి ఉంటుంది కదా. అతను చదవబోయి ఆగాడు. నన్ను చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"సార్, ఇది మిర్రర్‌లెస్‌లో తీసిండేది," అన్నాడు.

ఎవరో నవ్వారు. "మూర్తి సారు గుట్టుగా మారిపోయినాడప్పా." ఇంకెవరో, "మారలేదు, వేరేవాళ్ళది తెచ్చిండాడు," అన్నారు. తెర దగ్గరికి వెళ్ళి చూశాను. కెమెరా పేరు ఉంది. కింద ఆ కెమెరా యజమాని పేరు కూడా ఉంది. అంబరీష్.

అంబరీష్ మూడో వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా ఆల్బమ్‌లోకి దూరి నీ ఫొటో పెట్టినావా? దొంగ," అన్నాను. ముప్పై నలుగురి ముందు అన్నాను.

వాడు లేచాడు. "నాదే తప్పన్నా," అన్నాడు. అంతే. కెమెరా సంచి తీసుకుని బయటికి పోయాడు.

తప్పు చేసినవాడి ముఖం అలా ఉండదు. దారి పొడుగునా ఆ ముఖమే.

మార్చి 18

అంబుజ పుట్టింటి నుంచి వచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగాను.

ఆమె సంచి కింద పెట్టింది. "ఆ ఫోటో మీరు యాడికీ తీసుకుపోరనుకొంటిని," అంది.

"వాడు ఎట్ల పెట్టినాడు?"

"ఆయప్ప పెట్టలేదు. నేను పెట్టినాను. నేనే అడిగి తెప్పించుకొంటిని."

కంప్యూటర్ తెరిచింది. 'వాడనివి' అని ఒక ఫోల్డర్. లోపల తొమ్మిది ఫోల్డర్లు, తొమ్మిది పెళ్ళిళ్ళ పేర్లు. నేను తీసిన ముహూర్తాలు. తాళి కడుతుంటే వెనక పరదా నేత కనిపిస్తోంది. తలంబ్రాలు పోస్తుంటే కుర్చీలో ఉన్న ఎవరో ముసలమ్మ ముక్కుపుడక మెరుస్తోంది. పెళ్ళికూతుళ్ళకు ముఖాలు లేవు. తొమ్మిది మంది పెళ్ళికూతుళ్ళకు.

"మొదటి పెళ్ళికి అలసిపోయిండారేమో అనుకొంటిని," అంది అంబుజ. "రెండోది చూసి భయపడితిని. ఆయప్ప ఫోటోలు ఇమ్మంటే ఒక్క మాట అడగకుండా ఇచ్చె. మీరు ఆల్బమ్ చూసి మురిసిపోతాంటే చెప్పే దానికి నోరు రాలేదు."

"లెన్స్ ఫోకస్ వెనక్కి పోతాండాది."

"లెన్స్ బాగుండాదని వాళ్ళు రాసిచ్చిండారు కదా."

"అద్దం..."

"అద్దం కూడా బాగుండాదని రాసిండారు." ఆమె గొంతు పెంచలేదు. "కాఫీ ఇస్తే మీరు లోటా వదిలి పక్కన గాలి పట్టుకుంటాండారు. రెండు నెలల నుంచి చూస్తాండాను. లోటాకు ఏమైంది, చెప్పండి?"

నేను లేచి స్టూడియోకు వచ్చేశాను. రెండు పెళ్ళిళ్ళ మధ్య తీరిక లేని సీజన్‌లో షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను.

మార్చి 20

ఆమెతో మాట్లాడలేదు.

మార్చి 21

ఆమె కాఫీ ఇచ్చి చెయ్యి తీయకుండా నిలబడింది, నేను లోటా పట్టుకునేదాకా.

మార్చి 22

అంబరీష్ స్టూడియోకు వచ్చాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తన కెమెరా తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఒక్కసారి దీన్లో చూడన్నా."

"నాకు టీవీ చూసే అలవాటు లేదు."

"గ్రూపులో నీతో ఎందుకు కొట్లాడితిననుకొంటివి? కెమెరా అమ్ముకొనేకా? దీన్లో మనిషి కనపడితే చాలు, అదే కంటిని వెతుక్కొని చిన్న చదరం వేసి పట్టుకొంటాది. మనం ఫోకస్ పెట్టాల్సిన పనే లేదు. నువ్వు కన్ను చూడకపోయినా అది చూస్తాది. ఎట్లయినా నీ చేత ఇది పట్టించాలని ఎనిమిది నెలల నుంచి..."

"నేను కన్ను చూడలేనని నీకెవరు చెప్పిరి?"

వాడు కెమెరా అక్కడే వదిలేసి పోయాడు. పోతూ షట్టర్ పూర్తిగా ఎత్తి పోయాడు.

ఎనిమిది నెలలు గ్రూపులో వాడు వేసిన ప్రతి పోస్టూ నా పరువు తీయడానికే అనుకున్నాను. ఒక్కొక్కదానికీ వెతికి వెతికి జవాబు రాశాను. బొటనవేళ్ళు ఎన్ని వచ్చాయో చూసుకున్నాను.

మార్చి 23

మచ్చ ఉంది.

మార్చి 24

నిన్న ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను.

వాడి కెమెరా ఎందుకు తీసుకున్నానంటే, వాడి మాట అబద్ధమని చూపించడానికి. అద్దం లేని కెమెరా. అద్దం మీద దుమ్ము ఉండే వీలు లేదు. లెన్స్ విప్పి లోపల చూశాను, నిజంగానే అద్దం లేదు. నా లెన్స్ కాదు, వాడి లెన్స్. అన్నీ వేరే. లెన్స్ తగిలించి కంటికి ఆనించాను.

మచ్చ అక్కడే ఉంది. నడిమధ్యన. ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చూస్తే క్యాలెండర్ మీద కూర్చుంది. తలుపు చూస్తే తలుపు చట్రం నడుము దగ్గర వంగింది.

కెమెరా దించాను. ఎడమ కన్ను మూసుకుని, కెమెరా లేకుండా, కుడి కంటితో గోడ చూశాను. మచ్చ ఉంది.

ఇరవై ఏడేళ్ళుగా కుడి కంటితోనే కెమెరాలో చూస్తున్నాను. ఎడమ కన్ను మూసేది కెమెరాలో చూసేటప్పుడే. కెమెరా దించగానే రెండు కళ్ళూ తెరుస్తాను, ఎడమది చాలావరకు సర్దేస్తుంది. అందుకే మచ్చ కెమెరాలోనే ఉందనుకున్నాను. దుమ్ము అన్నాను. లెన్స్ అన్నాను. ఫోకస్ జారిందన్నాను. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. దాన్ని వదలమని ఎవరంటే వాళ్ళ మీద పడ్డాను.

మద్దెల బాగానే ఉంది.

ఇంటికి వచ్చి, అంబుజ బియ్యం ఏరుతుంటే ఎదురుగా నిలబడి ఎడమ కన్ను మూసుకున్నాను. చీర అంచు కనిపించింది. చేతులు, చాట కనిపించాయి. ముఖం లేదు.

"ఏమయింది?" అని అడిగింది. గొంతు ఆ మచ్చలో నుంచి వచ్చింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమె చాట పక్కకు నెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. అయిదు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట, "నాకు భయమేస్తాంది," అని.

ఏప్రిల్ 2

చిక్కబళ్ళాపురంలో కంటి ఆస్పత్రి. డాక్టరమ్మ చిన్నది, మెత్తటి కన్నడం. ఒక గళ్ళ కాగితం చేతికి ఇచ్చింది, మధ్యన నల్లటి చుక్క. ఎడమ కన్ను మూసి చుక్కను చూడమంది.

చుక్క లేదు. గళ్ళు దాని చుట్టూ వంగి లోపలికి కుంగిపోయాయి.

నాకు ఏళ్ళుగా ఉన్న షుగర్ వల్ల కంటి వెనక పొర ఉబ్బి నీరు చేరిందట. ఏడాదికి ఒకసారైనా కన్ను చూపించాలని ఎవరూ చెప్పలేదా అని అడిగింది. చెప్పారు. చెప్పినప్పుడల్లా సీజన్ ఉండేది. ఎనిమిది నెలల ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేదట. ఇప్పుడు కంట్లో ఇంజెక్షన్లు వేస్తే ఇంకా చెడకుండా ఆపవచ్చు. పోయినదాంట్లో ఎంత వస్తుందో చెప్పలేనంది. ఎడమ కన్ను ఇంతవరకు బాగానే ఉంది, ఇకనైనా షుగర్ మాట వినమంది.

"మీరేం పని చేస్తారు?" అని రాసుకుంటూ అడిగింది.

అంబుజ చెప్పింది, ఫొటోగ్రాఫర్ అని. డాక్టరమ్మ పెన్ను ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు ఆమె చెప్పిన మాటలన్నిటి కంటే గట్టిగా తగిలింది.

ఇంటికి వచ్చి ఈ డైరీ తెరిచాను. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. గీతలు పై నుంచి కిందిదాకా తిన్నగా ఉన్నాయి. ల్యాబ్ వాళ్ళను జనవరి నుంచి తిడుతున్నాను, పాపం.

ఏప్రిల్ 5

అంబరీష్ స్టూడియోకు నేనే వెళ్ళాను. కెమెరా బల్ల మీద పెట్టి చెప్పాను. "దొంగ అంటిని. ముప్పై నలుగురి ముందర. తప్పయిందిరా." వాడు కుర్చీ తెచ్చి వేశాడు. కన్ను గురించి అడగలేదు. వాడికి తెలుసు, తొమ్మిదేళ్ళు నా భుజం పక్కన నిలబడిన మనిషి.

"బాగేపల్లిలో నువ్వు పెళ్ళికూతురి మీద ఫోకస్ పెట్టేకి మూడుసార్లు వెతుక్కొంటివి అన్నా," అన్నాడు. "ఒకప్పుడు నువ్వు కండ్లు మూసుకొని పెట్టేటోడివి."

వాడు టీ తెప్పించి ఒక లోటా నా చేతిలో పెట్టి, పట్టుకున్నానో లేదో చూశాడు.

ఏప్రిల్ 11

మొదటి ఇంజెక్షన్. కంట్లో సూది అంటేనే ప్రాణం సగం పోయింది. నొప్పి అనుకున్నంత లేదు.

చిన్నాన్నకు ఫోన్ చేశాను. ప్రతిష్ఠ ఫొటోలు అంబరీష్ తీస్తాడని చెప్పాను. కారణం చెప్పాను. "నువ్వైతే రావాల," అన్నారు.

ఇక గ్రూపులో చెప్పాలి. తొమ్మిది ఆల్బమ్‌లలో ముహూర్తాలు నావి కావని, సభలో అంబరీష్‌ను అన్న మాట అబద్ధమని. చెప్తే మర్నాటికల్లా జిల్లా అంతా తెలుస్తుంది, కన్ను పోయిన ఫొటోగ్రాఫర్ అని. ఎవరు పిలుస్తారు? చెప్పకపోతే వాడు దొంగగానే మిగిలిపోతాడు. ముగ్గురు పెళ్ళివాళ్ళు వాడిని వద్దన్నారని ప్రమోద చెప్పాడు.

రాశాను. పంపలేదు.

ఏప్రిల్ 14

రేపు పంపుతాను.

ఏప్రిల్ 19

రేపు.

ఏప్రిల్ 26

అంబుజ నేను రాసింది చదివింది. కామా ఒకటి సరిచేసి ఫోన్ తిరిగి ఇచ్చింది.

మే 1

నిన్న ప్రతిష్ఠ.

గర్భగుడి ముందు పరదా. ఆ పరదా లోపల చిన్నాన్న, శిల్పి, ఇద్దరు ఋత్విక్కులు, నేను, పక్కగా అంబరీష్. విగ్రహానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కొత్తగా తెరిచిన చూపు మనిషి తట్టుకోలేడని మా వాళ్ళ నమ్మకం. అందుకే ఎదురుగా అద్దం పడతారు, స్వామి మొదట తన్ను తాను చూసుకుంటాడు. ఫొటో తీసేవాడు కూడా పక్కన నిలబడి అద్దంలోని రూపాన్నే తీయాలి.

అద్దం పట్టవలసిన ఋత్విక్కుకు ఉదయం నుంచి చలిజ్వరం. చేతులు నిలవడం లేదు. చిన్నాన్న చుట్టూ చూసి, నన్ను చూశారు.

"ఒరే వాసూ, నీ చేతిలో ఏమీ లేదు కదా. ఇది పట్టుకో."

చేతిలో ఏమీ లేదు. ఇరవై ఏడేళ్ళలో ఒక శుభకార్యంలో నా చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలు. తెల్లారి నుంచి వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచె చెంగు నలుపుతూ ఉన్నాను. ముఖం పక్కకు తిప్పి, రెండు చేతులతో అద్దం స్వామి ముఖానికి ఎత్తి పట్టాను. చిన్నప్పుడు నాన్న ఇదే అద్దాన్ని ఉత్సవమూర్తికి పట్టేవారు. దాని ఇత్తడి చట్రం చల్లదనం వేళ్ళకు జ్ఞాపకం ఉంది.

బంగారు సూదికి తేనె, నెయ్యి అద్దారు. మంత్రం నడుస్తోంది. నేను స్వామిని చూడకూడదు, అద్దమూ నాకు కనిపించదు. కనిపించేది అంబరీష్ ఒక్కడే. వాడు కెమెరా కంటికి ఆనించి కదలకుండా ఉన్నాడు. సూది రాతిని తాకిన చిన్న గీరు చప్పుడు వినిపించింది. వాడి ముఖం తెల్లబోయింది. నోరు తెరుచుకుంది. కెమెరా చప్పుడు చేయలేదు.

బయటికి వచ్చాక చెప్పాడు. అంతవరకు కెమెరాకు అక్కడ ముఖమే దొరకలేదట, రాయి అనుకుని ఊరుకుందట. సూది తీసిన క్షణాన అద్దంలో రెండు కళ్ళ మీద చదరం వచ్చి కూర్చుందట. "నేనేమీ చేయలేదన్నా. అదే పట్టుకొనె. నాకు ఒళ్ళంతా జలదరించె." చెయ్యి చాచి చూపించాడు, వెంట్రుకలు ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి. నా ఒళ్ళూ జలదరించింది. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

చిన్నాన్న తీర్థం ఇస్తూ అన్నారు, "ఆ టక్కు టక్కు లేకుండా మంత్రం ఎంత బాగా నడిచెరా ఈ పొద్దు. ఇన్నేండ్లూ నీ మొగం చూసి ఓర్చుకొంటిని." ఇరవై ఏడేళ్ళ మర్యాద అనుకున్నది అది. ఈ ఏడాదిలో నేను నిజమనుకున్నది ఒక్కటీ మిగిలేటట్టు లేదు.

సాయంత్రం ఇంట్లో ఆ ఫొటో చూశాను. కుడి కంటితో చూస్తే స్వామికి కళ్ళున్న చోట మచ్చే ఉంది. ఎడమ కంటితో చూశాను. అద్దంలో రెండు కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, తేనె తడి ఇంకా ఆరలేదు. అద్దం అంచున నా నాలుగు వేళ్ళు. ఇన్ని వేల ఫొటోలు తీశాను, ఒక దేవుడి ఫొటోలో నేను పడటం ఇదే మొదటిసారి. అంబుజ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

ఏప్రిల్ 11న రాసింది తెరిచాను. సగం కొట్టేసి చిన్నది చేశాను. ఫొటో కింద పెట్టి గ్రూపులో పంపాను:

"నా కుడి కన్ను దెబ్బతిన్నది. ఎనిమిది నెలలుగా నా ఆల్బమ్‌లలో ముహూర్తం ఫొటోలు అంబరీష్ తీసినవి. నా పరువు కోసం ఇంటివాళ్ళు అడిగితే ఇచ్చాడు. సభలో నేను అన్న మాట అబద్ధం, అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఫొటో కూడా అతనిదే, మిర్రర్‌లెస్. అద్దం పట్టింది వాసుదేవమూర్తి."

పంపి ఫోన్ బోర్లించి పెట్టాను. చాలాసేపటికి గాని తిప్పి చూడలేకపోయాను. నూట ఇరవై మంది చూశారు, ఒక్కరూ బొటనవేలు కూడా పెట్టలేదు. ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదనుకుంటాను.

మొదటి జవాబు అంబరీష్ నుంచి వచ్చింది.

"అన్నా, అద్దం కొంచెం వంకరగా పట్టినావు."

నాకైతే తిన్నగానే కనిపించిందిరా అని రాశాను.